ఒకే తాడు మీద ఒక వేసవి

విహారయాత్రకూ సాహసయాత్రకూ అసలు తేడా ఒక్కచోటే ఉంది. విహారయాత్రలో ఏం జరగబోతోందో బయల్దేరే ముందే తెలుసు. ఏ హోటల్లో దిగాలో, ఏ గుడి ఎన్నింటికి తెరుస్తారో, ఏ పూట ఎక్కడ భోంచెయ్యాలో కాగితం మీద రాసి ఉంటుంది. సాహసయాత్రలో తెలిసేది దారి మాత్రమే. ఆ దారిని సొంత కాళ్లతో నడవాలి, సామాను సొంత వీపు మీద మొయ్యాలి. సాయంత్రానికి గమ్యం చేరతారా లేదా అన్నది ఆకాశం, ఒళ్లు, పక్కన నడిచే మనుషులు కలిసి తేల్చే సంగతి. మనిషిలో ఎదుగుదల అంటూ ఏదైనా వస్తే ఆ తేలని భాగంలోంచే వస్తుంది. ముక్కూ మొహం తెలియని మనుషుల మధ్య చుట్టరికం లాంటిది పుట్టేదీ అక్కడే.

తెలుగువాళ్లకు ఈ ప్రయాణాలు ఎక్కువగా వేసవిలోనే కుదురుతాయి. బడులకూ కాలేజీలకూ సెలవులు అప్పుడే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండ 45 డిగ్రీలు దాటే ఆ రోజుల్లోనే హిమాలయాల్లో మంచు కరిగి కనుమలు తెరుచుకుంటాయి. పైకి వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకూ సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది కాబట్టి, నాలుగు వేల మీటర్ల ఎత్తున మే నెలలో కూడా తెల్లవారుజామున సీసాలో నీళ్లు గడ్డకడతాయి. జూన్ చివరికి రుతుపవనాలు హిమాచల్ దాకా వచ్చాయంటే ఇక కొండచరియలు విరిగిపడే కాలం. మంచు తగ్గాక, వాన రాకముందు దొరికే ఆ కొన్ని వారాలే నడకకు అదను. ఎవరెస్టు మీదైనా ఇదే లెక్క. ఆ శిఖరాన్ని ఏడాదిలో చాలా భాగం ఊపేసే జెట్ ప్రవాహపు గాలి, రుతుపవనాలకు కాస్త ముందు ఉత్తరానికి జరుగుతుంది. టెన్జింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ 1953 మే 29న శిఖరం మీద నిలబడగలిగింది ఆ సందులోనే.

మండుటెండలో దూరప్రయాణం కట్టడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న, నడివేసవిలో, సుమారు వంద మంది పరివారంతో కాశీకి బయల్దేరాడు. తిరిగి మద్రాసు చేరింది 1831 సెప్టెంబరు 3న. పదిహేను నెలల పైచిలుకు సాగిన ఆ ప్రయాణంలో ఆయన రాసుకున్నది 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. పుణ్యం కోసం మొదలైన యాత్రే అయినా పుస్తకం నిండా దారులూ ఊళ్లూ, మజిలీల్లో దొరికేవీ దొరకనివీ, రకరకాల మనుషుల తీరుతెన్నులూ ఉంటాయి. వంద మందిని క్షేమంగా వెనక్కి తేవలసిన మనిషి చూపు ఆ పుటల్లో అడుగడుగునా కనిపిస్తుంది.

ఇప్పటి సాహసయాత్ర ఈ రూపం తీసుకోవడానికి ఇద్దరు జర్మన్ ఉపాధ్యాయులు చాలావరకు కారణం. మొదటివాడు రిచర్డ్ షిర్మాన్. 1909 వేసవిలో తన బడిపిల్లలను కాలినడకన ఊళ్ల వెంట తిప్పుతున్నప్పుడు ఒక రాత్రి గాలివాన పట్టుకుంది. పిల్లలందరూ ఒక ఖాళీ బడిలో గడ్డి పరుచుకుని పడుకున్నారు. సెలవుల్లో బడులన్నీ ఇలా ఖాళీగానే ఉంటాయి కదా, నడిచి తిరిగే కుర్రవాళ్లకు ఇవి పడకలైతే ఎంత బాగుంటుంది అన్న ఆలోచన ఆ రాత్రి ఆయనకు వచ్చింది. యూత్ హాస్టల్ ఉద్యమం అక్కడ మొదలైంది. రెండోవాడు కర్ట్ హాన్. నాజీల పాలన తప్పించుకుని బ్రిటన్ చేరిన ఆయన, 1941లో వేల్స్‌లోని ఆబర్‌డోవీలో ఔట్‌వర్డ్ బౌండ్ అనే శిక్షణ పాఠశాల ప్రారంభించాడు. యుద్ధంలో ఓడలు మునిగినప్పుడు ఒంట్లో సత్తువ ఉన్న కుర్ర నావికుల కంటే నడివయసు నావికులే ఎక్కువగా బతికి బయటపడుతున్నారన్న ఆందోళన ఆ పాఠశాల పుట్టుకకు మూలమని చెబుతారు. కష్టం ఎదురైనప్పుడు నిలదొక్కుకోవడం, పక్కవాణ్ణి నిలబెట్టడం కండబలంతో వచ్చేవి కావనీ, చిన్న మోతాదుల్లో అలవాటు చెయ్యాలనీ హాన్ నమ్మాడు.

మన దేశంలో ఇలాంటి శిక్షణ 1954 నవంబరు 4న డార్జిలింగ్‌లో మొదలైన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌తో ఊపందుకుంది. అక్కడ క్షేత్ర శిక్షణకు తొలి డైరెక్టర్ టెన్జింగే. 1965లో ఉత్తరకాశీలో నెహ్రూ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రి పాల్ శిక్షణ పొందింది అక్కడే. ఆమె శిఖరం చేరింది 1984 మే 23న. ఈ సంస్థల్లో బేసిక్ కోర్సు నాలుగు వారాలు. ముడులతో మొదలై రాతి మీదికి, అక్కడి నుంచి మంచు మీదికి వెళుతుంది.

ఆ పాఠాలన్నిటికీ నడుమ ఉండేది తాడు. దాన్ని దగ్గరగా చూడటానికి డార్జిలింగ్ దాకా వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని భువనగిరి చాలు. పశ్చిమ చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడు కోట కట్టించిన ఆ ఏకశిల మీద కొన్నేళ్లుగా రాక్ క్లైంబింగ్ నేర్పుతున్నారు. కొత్తగా వచ్చినవారికి నడుముకూ తొడలకూ పట్టీలున్న హార్నెస్ తొడుగుతారు. దానికి తాడును ఎనిమిది అంకె ముడితో కడతారు. ఈ ముడికి ఒక గుణం ఉంది: బరువు పడేకొద్దీ బిగుస్తుంది, సరిగ్గా పడిందో లేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది. అయినా కట్టుకున్నవారు ఒకసారి, జతగాడు ఒకసారి చూసి తీరాలి. తాడు పైన కొక్కెం గుండా తిరిగి కింద నిలబడ్డ జతగాడి దగ్గరికి వస్తుంది. ఎక్కేవాడు ఒక అడుగు ఎక్కితే కిందివాడు ఆ మేరకు తాడు లాగుతాడు. దీన్నే బిలే అంటారు. పైవాడు జారితే అతన్ని ఆపడం కిందివాడి చేతిలో ఉంటుంది. అందుకే బిలే చేసేవాడు ఫోన్ చూడకూడదు, కబుర్లు చెప్పకూడదు, తాడును నియంత్రించే చేతిని క్షణమైనా వదలకూడదు.

రాపెల్లింగ్ అంటే తాడు పట్టుకుని రాతి అంచు నుంచి వెనక్కి నడుస్తూ దిగడం. మొదటిసారి అంచు మీద నిలబడ్డప్పుడు మనిషి చేసే పని ఒక్కటే, భయంతో రాతిని కావలించుకోబోవడం. సరిగ్గా అదే ప్రమాదం. ఒళ్లు రాతికి దగ్గరైతే బరువు నేరుగా కిందికి లాగుతుంది, బూట్లు రాతిని అదమవు, కాళ్లు జారిపోతాయి. వెనక్కి వాలి, దాదాపు కుర్చీలో కూర్చున్నట్టు శూన్యంలోకి ఒరిగితే పాదాలు రాతిని గట్టిగా అదుముతాయి, పట్టు దొరుకుతుంది. భయం చెప్పేదానికి సరిగ్గా ఎదురుగా చేస్తేనే భద్రం. ఈ మాట మాష్టారు పదిసార్లు చెప్పినా చెవికెక్కదు. ఒక్కసారి వెనక్కి వాలి, తాడు ఆపిందని నడుము దగ్గర తెలిసిన క్షణాన ఒంటికెక్కుతుంది. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో వివరించిన విషయం ఇదే. నేను చెయ్యగలను అన్న నమ్మకం పొగడ్తల వల్ల కంటే, కష్టమైన పనిని స్వయంగా చేసి గట్టెక్కిన అనుభవం వల్లే గట్టిగా నాటుకుంటుంది.

ఆ నమ్మకం ఎంత దూరం తీసుకెళ్లగలదో భువనగిరి రాయే చూపించింది. ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి ఎంపికైన పిల్లలకు పర్వతారోహకుడు శేఖర్‌బాబు బచినేపల్లి ఆ రాతి మీదే తొలి పాఠాలు నేర్పారు. వాళ్లలో కొందరు డార్జిలింగ్‌కూ, తరువాత చలి తట్టుకోవడం నేర్చుకునేందుకు లద్దాఖ్‌కూ వెళ్లారు. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, మరొకరు ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్. పదహారేళ్ల లోపు వాళ్లను నేపాల్ అనుమతించదు కాబట్టి టిబెట్ వైపు నుంచి, ఎక్కువ కష్టమని పేరున్న ఉత్తర మార్గంలో ఎక్కారు. 2014 మే 25 ఉదయం శిఖరం చేరేసరికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్లల్లో అంత చిన్నవయసు వాళ్లు అంతకుముందు లేరు. కూలిపనులు చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ చేతికి ఒక మంచి తాడు, దాన్ని పట్టుకునే ఒక మంచి గురువు దొరకడం వల్ల సాధ్యమైన సంగతి ఇది. ఇలాంటి శిక్షణ డబ్బున్న ఇళ్ల పిల్లల హక్కుగా మిగిలిపోవడం ఎంత నష్టమో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

అందరూ ఎవరెస్టు ఎక్కనక్కర్లేదు. మామూలు ఉద్యోగులకూ విద్యార్థులకూ అందుబాటులో ఉండేవి హిమాలయ ట్రెక్కులు. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా హిమాచల్‌లోని కసోల్ నుంచి నడిపే సర్ పాస్ ట్రెక్ వాటిలో బాగా పేరున్నది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ, అక్కడి నుంచి భుంతర్‌కు రాత్రంతా బస్సు, ఆపైన పార్వతీ నది ఒడ్డునే కొండ రోడ్డు. కసోల్ సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ బేస్ క్యాంపులో మొదటి రెండు మూడు రోజులు ఒళ్లు చలికీ ఎత్తుకూ అలవాటు పడేందుకు చిన్న నడకలు, కాస్త రాపెల్లింగ్ ఉంటాయి. తరువాత గ్రహణ్ ఊరు, దేవదారు అడవులు, పచ్చిక మైదానాలు దాటి మింగ్ థాచ్, నగారు అనే మజిలీల మీదుగా 4,200 మీటర్ల ఎత్తున్న సర్ పాస్ కనుమకు చేరతారు. స్థానిక భాషలో సర్ అంటే సరస్సు. మన సరసు, సరస్సు అనే మాటలకు అది దగ్గరి బంధువు. కనుమ దగ్గర మంచు కప్పిన చిన్న సరస్సు ఉంది.

క్యాంపు పద్ధతులు చాలా సాదాసీదాగా ఉంటాయి. ఎవరి పళ్లెం, గ్లాసు వాళ్లే తెచ్చుకోవాలి, తిన్నాక చన్నీళ్లలో వాళ్లే కడుక్కోవాలి. మందు, సిగరెట్టు నిషేధం. రాత్రి క్యాంప్ ఫైర్‌కు కట్టెలు కాల్చరు, అడవి మీది గౌరవం కొద్దీ ఒక బల్బు వెలిగించి దాని చుట్టూ పాడతారు. విజయవాడ బ్యాంకు ఉద్యోగి, పుణె విద్యార్థిని, కోల్‌కతా నుంచి రిటైరైన మాష్టారు ఒకే జట్టులో పడతారు. మొదటి సాయంత్రం ఎవరి రాష్ట్రం వాళ్లు ఒక మూల చేరతారు. ఆ గోడ నాలుగో రోజుకు గానీ కూలదు, అది కూలేదీ మాటల వల్ల కాదు.

దానికి ఎత్తు చాలావరకు కారణం. 4,200 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే సుమారు 60 శాతమే. ప్రతి ఊపిరికీ అందే ఆక్సిజన్ ఆ మేరకు తక్కువ. ఒళ్లు మొదట ఊపిరి వేగం పెంచి సర్దుకుంటుంది, తరువాత రోజుల తరబడి రక్తాన్ని మార్చుకుంటుంది. తొందరపడి ఎక్కితే తలనొప్పి, వికారం, నిద్రలేమి వస్తాయి. పట్టించుకోకపోతే ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యుల సలహా. ఇక్కడ ఒక వింత ఉంది. ఈ జబ్బు రాకుండా కండబలం కాపాడదు. రోజూ జిమ్‌కు వెళ్లే పాతికేళ్ల కుర్రాడు తల పట్టుకుని కూర్చుంటే, చీర మీద స్వెటర్ వేసుకుని తన తీరున నడుస్తున్న యాభై ఏళ్ల ఆవిడ అతన్ని దాటిపోతుంది.

ఆ కుర్రాడికి అన్నిటికంటే కష్టమైన పని, నాకు తలనొప్పిగా ఉంది అని నోరు తెరిచి చెప్పడం. జట్టు ముందు చులకనైపోతానన్న భయంతో దాచిపెట్టేవాళ్లే ఎత్తు మీద ఎక్కువ చిక్కుల్లో పడతారు. చెప్పినవాడి బరువు మరొకరు పంచుకుంటారు, వేడినీళ్లు ఇస్తారు, రాత్రి ఒకటికి రెండుసార్లు లేచి ఊపిరి చూస్తారు, తగ్గకపోతే తోడిచ్చి కిందికి దింపుతారు. నిద్రలో ఆ ఎత్తున ఊపిరి కాసేపు ఆగి మళ్లీ అందుకోవడం మామూలే గానీ, పక్కన పడుకున్న కొత్తవాళ్లు హడలిపోయి తట్టి లేపుతుంటారు. ముందు రోజు దాకా పేరు కూడా తెలియని మనిషి ఊపిరి కోసం నిద్ర మానుకున్నాక ఆ ఇద్దరూ మునుపటిలా పరాయివాళ్లుగా ఉండలేరు.

కనుమ దాటే రోజు నగారు నుంచి నడక ఇంకా చీకటి ఉండగానే మొదలవుతుంది. తెల్లవారుజామున మంచు గట్టిగా ఉండి అడుగు నిలుస్తుంది, ఎండెక్కాక మెత్తబడి మోకాళ్ల దాకా కూరుకుపోతుంది. ముందు నడిచే స్థానిక గైడ్ మంచు గొడ్డలితో మెట్టు చెక్కుతాడు, ముందువాడు కాలు పెట్టిన గుంటలోనే వెనకవాడు కాలు పెట్టాలి. వాలు గట్టిగా ఉన్నచోట చెయ్యీ చెయ్యీ పట్టుకుని గొలుసులా నడుస్తారు. అక్కడ జట్టు వేగం అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ల వేగమే. నగరంలో ఎప్పుడూ ముందుండాలని ఉరికే మనిషికి ఈ నియమం మొదట ఇబ్బందిగా ఉంటుంది, కాసేపటికి ప్రాణానికి హాయిగా ఉంటుంది. కనుమ అవతలి వైపు మంచు వాలు మీద చిన్నపిల్లల్లా కూర్చుని జారుతూ దిగుతారు. ఆ జారుడులో వినిపించే నవ్వుకు వయసు లేదు.

కలిసి బరువు మోయడానికీ మనుషులు దగ్గరవడానికీ ఉన్న లంకె మీద ఒక ప్రసిద్ధ ప్రయోగం కూడా వేసవి శిబిరంలోనే జరిగింది. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అనే శాస్త్రవేత్త పదకొండేళ్ల ప్రాయంలోని 22 మంది అబ్బాయిలను రెండు జట్లుగా విడదీసి వేర్వేరుగా శిబిరంలో ఉంచాడు. తరువాత పోటీలు పెట్టాడు. తాడు లాగుడు వంటి పందేలతో మొదలైన వైరం తిట్లకూ, ఒకరి జెండా ఒకరు తగలబెట్టుకోవడానికీ వెళ్లింది. రెండు జట్లనూ ఒకేచోట కూర్చోబెట్టి భోజనం పెట్టినా, సినిమా చూపించినా పగ తగ్గలేదు. చివరికి నీళ్ల సరఫరా ఆగిపోయేలా, భోజనం తేవలసిన లారీ కదలకుండా మొరాయించేలా ఏర్పాటు చేశారు. ఆకలిగా ఉన్న అబ్బాయిలందరూ కలిసి లారీకి తాడు కట్టి లాగారు. అంతకుముందు ఒకరినొకరు పడగొట్టడానికి లాగిన తాడే అది. ఇలాంటి పనులు కొన్ని అయ్యాక పగ కరిగింది. తెలియని పిల్లల మధ్య కావాలని వైరం రేపడం సబబేనా అని ఆ ప్రయోగాన్ని తరువాత చాలామంది తప్పుపట్టారు, అందులో న్యాయం ఉంది. ఒకే చూరు కింద ఉన్నంతమాత్రాన స్నేహం పుట్టదనీ, ఒకరివల్ల కాని పనిని కలిసి చేసినప్పుడు పుడుతుందనీ చెప్పిన భాగం మాత్రం ప్రతి ట్రెక్ జట్టులోనూ కంటికి కనబడుతుంది.

ఈ ప్రభావం ఇంటికొచ్చాక ఎన్నాళ్లుంటుంది? జాన్ హాటీ, ఆయన సహచరులు 1997లో సాహస శిక్షణ మీద వచ్చిన 96 అధ్యయనాలను కలిపి చూశారు. ఆత్మవిశ్వాసం, తనను తాను అదుపులో ఉంచుకోవడం వంటి వాటిలో వచ్చిన మేలు శిక్షణ ముగిశాక తరిగిపోలేదు సరికదా, తరువాతి నెలల్లో ఇంకొంత పెరిగింది. చదువుకు సంబంధించిన కార్యక్రమాల్లో ఇది అరుదు. ఇరవై రోజులకు మించినవి పొట్టివాటి కంటే మెరుగ్గా పనిచేశాయి. ఒక కార్యక్రమానికీ మరోదానికీ ఫలితాల్లో తేడా మాత్రం చాలా ఉంది. అంటే కొండకు తీసుకెళ్లడం ఒక్కటే సరిపోదు, ఎవరు తీసుకెళుతున్నారు, ఎలా నడిపిస్తున్నారు అన్నది ఫలితాన్ని తేలుస్తుంది.

పూర్ణ, ఆనంద్ శిఖరం చేరిన రెండు వారాలకే ఈ మాట అత్యంత దుఃఖకరంగా రుజువైంది. 2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్‌లోని మండి జిల్లాలో, యాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతుండగా, ఎగువ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు ఉన్నట్టుండి వచ్చిపడ్డాయి. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు చేసింది సాహసమేమీ కాదు, ప్రశాంతంగా కనిపించిన నదిలో దిగారు, అంతే. ఎవరెస్టు మీద ప్రతి అడుగుకూ ఎవరో ఒకరు లెక్క చూశారు. ఆ నది ఒడ్డున అలా చూసినవాళ్లు లేకపోయారు. కసోల్ పక్కన పారే పార్వతి భుంతర్ దగ్గర కలిసేది ఆ బియాస్‌లోనే. పిల్లలను పంపే తల్లిదండ్రులు ధర కంటే ముందు అడగవలసినవి కొన్ని ఉన్నాయి: గైడ్‌కు ఎక్కడ శిక్షణ అయింది, ఎంతమందికి ఒక గైడ్, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే కిందికి చేర్చే ఏర్పాటేమిటి, వాతావరణం చెడితే వెనక్కి తిప్పే అధికారం ఎవరిది. ఆరోగ్య ధ్రువపత్రం అడగని సంస్థతో వెళ్లకపోవడమే మేలు. నడక మొదలయ్యే రెండు నెలల ముందు నుంచీ రోజూ మెట్లెక్కడం, కొత్త బూట్లు ముందే తొడిగి మెత్తబరచుకోవడం యాత్రికుల వంతు.

కొండ ఊళ్ల మనుషులతో ఏర్పడే బంధానికి కూడా ఇలాంటి బాధ్యత ఉంది. గైడ్లూ, కంచర గాడిదల మీద సామాను చేరవేసేవాళ్లూ, దారిలో టీ, ఆమ్లెట్ అమ్ముకునేవాళ్లూ ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఈ కొన్ని వారాల్లోనే చూసుకుంటారు. తెలుగు కుర్రాడి తడబాటు హిందీకీ, కులూ యాస హిందీకీ మధ్య సంభాషణ చేతి సైగలతోనే ఎక్కువగా సాగుతుంది. అయినా మూడో రోజుకు గైడ్ ఇంట్లో పిల్లలెందరో, ఆపిల్ తోట ఈసారి ఎలా పూసిందో తెలిసిపోతుంది. చాక్లెట్ కాగితం జేబులో పెట్టుకుని కసోల్ దాకా మోసుకొచ్చిన యాత్రికుణ్ణి ఆ ఊరివాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

బేస్ క్యాంపులో ప్రతి ఉదయం ఒక జట్టు పైకి బయల్దేరుతుంది. మిగిలిన జట్లవాళ్లు రెండు వరుసలుగా నిలబడి, నడుమ వెళ్లేవాళ్లను చప్పట్లతో సాగనంపుతారు. పైనుంచి దిగివచ్చిన వాళ్లు ఎండకు కమిలిన ముక్కులతో, పగిలిన పెదవులతో అదే వరుసలో నిలబడతారు. ఇక పైన మజిలీల్లో వచ్చే జట్లకు వేళకు తిండీ పడకా చూసే క్యాంప్ లీడర్లు జీతగాళ్లు కారు. సెలవు పెట్టుకుని వచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలు. వాళ్లలో చాలామంది ఏదో ఒక వేసవిలో ఆ చప్పట్ల నడుమ నడిచి వెళ్లినవాళ్లే.